గద్దర్ పాటకు రాగిరేకులు ఎక్కడ?

సినిమా రంగానికి ఇచ్చే రాష్ట్ర పురస్కారాలకు గద్దర్ పేరు పెడుతున్నట్లు తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరిలో ప్రకటించింది. 2025 జూన్‌లో ఆ పేరుతో తొలిసారి పురస్కారాలు ప్రదానం చేసింది. తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టి గుమ్మడి విఠల్‌గా పెరిగిన మనిషి పేరును అగ్ర కథానాయకులు, కోట్ల పెట్టుబడులు పెట్టే నిర్మాతలు వేదిక మీద గౌరవంగా పలకవలసి వచ్చింది. పేరు పెట్టే అధికారం ఎవరిదో, పిలుపులో ఎంత అవమానం దాగి ఉంటుందో తరతరాలుగా అనుభవించిన కులాలకు దీని విలువ ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ నిర్ణయాన్ని నేను స్వాగతిస్తాను.

అయితే ‘ఒరేయ్ రిక్షా’ చిత్రానికి రాసిన పాటకు ప్రకటించిన నంది పురస్కారాన్ని తిరస్కరించిన మనిషి కూడా ఈ గద్దరే. సినిమా పాటలు ఆయన సృష్టిలో చిన్న భాగం. ఆయన కళ నడిచింది ఊరి కూడలిలో, కోత కోసిన మడిలో, కాలేజీ మైదానంలో, కార్మికవాడలో. ఆ కళకు సంబంధించి మన ప్రభుత్వం దగ్గర ఏముంది? విశ్వవిద్యాలయాల దగ్గర ఏముంది? గద్దర్ ప్రదర్శన మీద పనిచేస్తానని ఒక పరిశోధక విద్యార్థి వస్తే, ఫలానా ఏడు ఫలానా ఊళ్లో జరిగిన ప్రదర్శన ఇదిగో, అందులో పాల్గొన్నవారి పేర్లు ఇవిగో అని చూపించగల భాండాగారం ఇన్నేళ్ల అధ్యాపక జీవితంలో నాకు తారసపడలేదు. ఉన్నవల్లా పాటల పుస్తకాలు, చెదిరిపోయిన క్యాసెట్లు, ఎవరెవరో ఎక్కించిన యూట్యూబ్ ముక్కలు.

పుస్తకంలో గద్దర్ పాట ఒకటిన్నర పేజీ ఉంటుంది. పల్లవి, నాలుగైదు చరణాలు, కింద చుక్కలు. అదే పాట వేదిక మీద అరగంట నడిచేది. చరణం మధ్యలో పాట ఆగిపోయేది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టేవారు. ఎదుట కూర్చున్న ముసలమ్మను పలకరించేవారు, ఆ ఊరి కరువు గురించి అడిగేవారు, ఒక పోలీసు అధికారిని అనుకరించి నవ్వించేవారు, ఆ నవ్వు ఇంకా ముగియకముందే చనిపోయిన కొడుకు కోసం తల్లి పెట్టే శోకంలోకి గొంతును దించేవారు. డప్పు నిలిచిపోయేది. మళ్లీ ఎక్కడో ఒక్క దెబ్బ పడేది. వంత పాడేవారు పల్లవిని అందుకునేవారు. అప్పటికి వేదికకూ మైదానానికీ మధ్య గీత చెరిగిపోయి, వంత మైదానంలోంచే వచ్చేది. ఈ మాటలు, ఈ విరామాలు, ఈ శోకం ఏ పుస్తకంలోనూ లేవు. అచ్చువేసిన పాటను చదివి గద్దర్‌ను అంచనా వేయడం ఎముకల గూడును చూసి మనిషి నడకను ఊహించడం లాంటిది. ఆయన కవిత్వం నినాదప్రాయమని తీర్పు చెప్పిన విమర్శకులు చాలామంది చదివింది ఆ ఒకటిన్నర పేజీనే.

వేషం సంగతి తీసుకోండి. మోకాళ్ల పైకి కట్టిన గోచీ, ఆచ్ఛాదన లేని ఛాతీ, భుజాన నల్లని గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో జెండా కట్టిన కర్ర. పత్రికల వాళ్లు దీన్ని విప్లవ వేషమన్నారు, కొందరు ఎగతాళిగా నాటకమన్నారు. నిదానంగా చూస్తే అందులో ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క కులం చిరునామా ఉంది. గొర్రె బొచ్చు వడికి గొంగడి నేసింది కురుమలు. చేతి కర్ర పశులకాపరిది, గొర్రెలకాపరిది. గజ్జె చిందు భాగవతుల కాళ్లది, జోగినుల కాళ్లది. పక్కన మోగే డప్పు మాదిగలది. శాస్త్రీయ సంగీత సభలో పట్టుపంచె, జరీ కండువా కూడా కుల చిహ్నాలే. అవి మనకు అలవాటైపోయి కుల చిహ్నాలుగా కనిపించవు, అంతే. ఉత్పత్తి కులాల వస్తువులన్నీ ఒకే ఒంటి మీదికి వచ్చి చేరినప్పుడు మాత్రం అది నాటకమైపోయింది.

ఆ ఆచ్ఛాదన లేని ఛాతీ గురించి మరో మాట. దొర గడీ ముందు నుంచి నడవాలంటే పైగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి, చెప్పులు చేత పట్టుకోవాలి, చూపు నేల మీద ఉండాలి. తెలంగాణ పల్లెల్లో ఇది పాత కథ కాదు, ఇంకా బతికి ఉన్న పెద్దల జ్ఞాపకం. గద్దర్ అదే ఒంటితో వేదిక ఎక్కారు. కానీ తల ఎత్తి ఉంది, కర్ర పైకి లేచి ఉంది, అడుగు నేలను తన్నుతోంది. బానిసత్వపు భంగిమలో ఒకటి రెండు గుర్తులు మాత్రమే మార్చి దాన్ని తిరుగుబాటు భంగిమగా చేశారు. ఆ ఛాతీని చూసి ఎవరి తండ్రి ఒళ్లు ఎవరికి గుర్తొచ్చిందో మైదానంలో కూర్చున్నవారికి తెలుసు. దీన్ని రాతలో చూపించడం ఎలా? చూపించలేనప్పుడు, రాతనే ప్రమాణంగా పెట్టుకున్న మన సాహిత్య చరిత్ర దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఆశ్చర్యమేముంది?

డప్పు మరీ ముఖ్యం. కర్ర చట్రానికి తోలు బిగించి, ఎండిన తర్వాత, వాయించబోయే ముందు ప్రతిసారీ మంటకు కాచాలి. కాపితేనే తోలు బిగిసి మోగుతుంది. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. చావు దెబ్బ వేరు, పెళ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. వినగానే ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. ఇంతటి వ్యాకరణం ఉన్న వాద్యానికి సంగీత శాస్త్రంలో స్థానం లేదు. కారణం మనందరికీ తెలుసు. పైగా ఊరి చావులకు డప్పు కొట్టడం వెట్టి. కొట్టనన్నవాడి మీద దెబ్బలు పడిన ఊళ్లున్నాయి. అందుకే దళిత యువకుల్లో డప్పును వదిలేయాలన్న తరం ఒకటి వచ్చింది, వారి కోపం న్యాయమైనది. అదే డప్పును జన నాట్యమండలి వేదిక మీదికి తెచ్చినప్పుడు దాని అర్థం మారింది. ఆ తర్వాత 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును తన చిహ్నంగానే చేసుకుంది. వెట్టి వాద్యం ఒక జాతి ఆత్మగౌరవ పతాకగా మారిన ఈ ప్రయాణంలో పాట వేదికల పాత్ర ఎంతో ఇప్పటిదాకా ఎవరూ సరిగా కొలవలేదు.

ఇక్కడ గద్దర్ అభిమానులకు కూడా ఇబ్బంది కలిగించే ప్రశ్న అడగాలి. ఆయన పక్కన దశాబ్దాల పాటు డప్పు కొట్టినవారు, డోలక్ వాయించినవారు, వంత పాడిన స్త్రీలు ఎవరు? వారిలో ఐదుగురి పేర్లు తడుముకోకుండా చెప్పగలిగినవారు ఎంతమంది? గాయకుడికి ‘ప్రజా యుద్ధనౌక’ అని బిరుదు ఇచ్చిన సమాజం ఆ నౌకను నడిపిన చేతులను గుర్తుంచుకోలేదు. కులం ఒక్క పైవాళ్ల చూపులోనే ఉండదు. వాద్యం కన్నా గొంతును, గొంతు కన్నా రాతను ఎక్కువగా చూసే మెట్ల వరుస విప్లవ వేదికల మీద కూడా తన పని తాను చేసుకుపోయింది.

ఆ పాట ఎంత ముందుచూపుతో నడిచిందో చూడటానికి కారంచేడు ఒక్కటి చాలు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అదే సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. అప్పటి వామపక్ష రాజకీయాలు వర్గం అన్న మాటలోనే కులాన్ని ఇమిడ్చి మాట్లాడుతున్నాయి. కులం పునాదిలో ఉందా, ఉపరితలంలో ఉందా అన్న చర్చ పత్రికల్లో నడుస్తోంది. ఆ సమయంలో గద్దర్ కట్టిన పాట కారంచేడు దళితులను బాధితులుగా చూపలేదు, ఎదిరించి నిలబడిన పులులుగా నిలబెట్టింది. పాట ఊళ్లకు చేరింది. సిద్ధాంత వ్యాసాలు చదవని వాడల్లో, అంతవరకు తిట్టుగానో ప్రభుత్వ పట్టికగానో మాత్రమే విన్న తమ ఉనికి, వీరగాథగా వినిపించింది. వ్యాసాలు ఏళ్ల తర్వాత చేరుకున్న చోటికి పాట కొన్ని నెలల్లో వెళ్లింది. (మరో కారంచేడైన చుండూరు మారణకాండ 1991 ఆగస్టు 6న జరిగింది. గద్దర్ కన్నుమూసింది 2023లో అదే తేదీన. కాకతాళీయమే, కానీ ఆగస్టు 6 వచ్చినప్పుడల్లా రెండూ కలిసే గుర్తొస్తాయి.)

ఈ పాటను సాహిత్యం అనడానికి మన విద్యాసంస్థలు ఇప్పటికీ తటపటాయిస్తాయి. జానపద సాహిత్య అధ్యయనానికి బిరుదురాజు రామరాజు వేసిన బాట గొప్పది. జానపద గేయాలకు విశ్వవిద్యాలయ తలుపులు తెరిచింది ఆయనే. కానీ ఆ బాటలో నడిచినవారిలో ఎక్కువమంది పాటను పాడినవారి నుంచి వేరుచేసి సేకరించారు. పాట దొరికింది, పాడినామె పేరు దొరకలేదు. ఏ పని చేస్తూ పాడింది, ఎవరి పొలంలో పాడింది, ఎవరు వింటున్నప్పుడు చరణం మార్చింది అన్నవి రాసుకోలేదు. ‘అజ్ఞాత కర్తృకం’ అన్నది జానపద గేయానికి లక్షణమని సూత్రం చేశాం. పేరు అడగకపోవడం మన అలవాటైతే, పేరు లేకపోవడం పాట లక్షణమైంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన బండి పాటకు ఏం జరిగిందో చూడండి. నిజామును నిలదీసిన ఆ పాటను ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడారు. తెర మీద కనిపించిన గొంతే దాని కర్తగా లక్షలమంది మనసుల్లో నిలిచిపోయింది. గద్దర్ తప్పేమీ లేదు. బాణీలు ప్రజలవేనని, తల్లి దగ్గర, ఊరి ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నానని ఆయన ఎప్పుడూ దాచలేదు. తల్లి లచ్చుమమ్మ పేరుతోనే పాట కట్టిన మనిషి ఆయన. లోపం మన లెక్కల పుస్తకాలది.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన అంశాలను ఆమోదించే సమావేశంలో కూర్చున్నాను. ఉద్యమ పాటల ప్రదర్శన మీద పనిచేస్తానని ఒక అమ్మాయి ప్రతిపాదన తెచ్చింది. తాతల కాలం నుంచి డప్పు కొట్టిన కుటుంబం ఆమెది. ఒక పెద్దాయన చాలా మర్యాదగా అడిగారు: ‘‘అమ్మా, పాఠం ఏది?’’ పాఠం అంటే ముద్రిత గ్రంథం. గ్రంథం లేకపోతే పరిశోధన ఎలా చేస్తావని ఆయన సందేహం. ఆయన కులదురహంకారి అని నేను అనను. జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పిన సౌమ్యుడు. కానీ ఆ ఒక్క ప్రశ్నలో వెయ్యేళ్ల వ్యవస్థ ఉంది. చదువు నిషేధించిన కులాలను, చదువుకున్నందుకు రుజువుగా పుస్తకం తెమ్మని అడుగుతున్నాం. చివరకు ఆ అమ్మాయి అంశం ‘ఉద్యమ గేయాల్లో వస్తు వైవిధ్యం’గా మారింది. అచ్చయిన పాటల్లో కరువు ఎన్నిసార్లు వచ్చింది, స్త్రీ ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కపెట్టి పట్టా తీసుకుంది. ఆమె ఇంట్లో ఉన్న డప్పు సిద్ధాంత గ్రంథంలోకి రానేలేదు.

పాడేది గాలిలో కలిసిపోతుంది, దాన్ని దాచడం సాధ్యం కాదు కదా అని వాదించేవారికి తిరుమల చూపిస్తాను. పదిహేనో శతాబ్దపు అన్నమయ్య కూడా పాడినవాడే. ఆయన 32 వేల సంకీర్తనలు కట్టాడని ప్రతీతి. వాటిలో సుమారు 14 వేలు మనకు దక్కాయంటే కారణం, వాటిని రాగిరేకుల మీద చెక్కించి గుడిలో ఒక అరలో భద్రపరచడమే. నాలుగు వందల ఏళ్లు ఆ అర తలుపులు మూసే ఉన్నా రాగి చెడిపోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడ్డాక పండితులు కూర్చుని పరిష్కరించారు, సంపుటాలు వేశారు, బాణీలు పోయిన కీర్తనలకు కొత్తగా బాణీలు కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం ఆ పని కోసమే ప్రత్యేకంగా ప్రాజెక్టు పెట్టింది. అదంతా మెచ్చుకోదగిన పని. అన్నమయ్య మీద నాకు గౌరవం ఉంది, అంత్యకులం అని తేడా చూడవద్దన్న భావాన్ని పాటలో పెట్టిన కవి ఆయన. నేను చెప్పేది ఆ రాగి గురించి. ఒక సమాజం ఒక గొంతు విలువైనదని అనుకుంటే దాన్ని లోహం మీద రాయించగలదు. పోయిన బాణీని కూడా తిరిగి కట్టించగలదు. గద్దర్ విషయంలో పదాలతోపాటు బాణీ ఉంది, గొంతు ఉంది, ఆ గొంతును విన్న లక్షలమంది బతికే ఉన్నారు. కావలసిన సాంకేతికత జేబులో ఉంది. లేనిది రాగి కాదు.

ఈ తేడా మన మాటల్లోనే బయటపడుతుంది. అన్నమయ్య, త్యాగయ్య వాగ్గేయకారులు. గద్దర్, వంగపండు ‘ప్రజా’ వాగ్గేయకారులు. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడేవాడు వాగ్గేయకారుడైతే ఈ విశేషణం ఎందుకు? అన్నమయ్యను ఎవరూ గుడి వాగ్గేయకారుడు అనరు, త్యాగయ్యను అగ్రహార వాగ్గేయకారుడు అనరు. ప్రజలు అన్న మాట ప్రేమతోనే చేర్చాం, నిజమే. కానీ ప్రధాన ద్వారం గుండా కాకుండా పక్క ద్వారం గుండా లోపలికి పిలిచినప్పుడు కూడా ప్రేమగానే పిలుస్తారు.

పొరుగునే ఉన్న మహారాష్ట్రలో అంబేడ్కరీ జల్సాల నుంచి అణ్ణాభావు సాఠే, వామన్ దాదా కర్డక్‌ల దాకా ఇలాంటి సంప్రదాయమే బలంగా ఉంది. అక్కడా పాటలు పోయాయి, గాయకులు పేదరికంలోనే పోయారు. 1997 జులైలో ముంబయిలోని రమాబాయి నగర్‌లో దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందిని చంపినప్పుడు, ఆ దుఃఖం తట్టుకోలేక విలాస్ ఘోగ్రే అనే కవిగాయకుడు ప్రాణం తీసుకున్నాడు. ఈరోజు ఆయన గొంతు మనం వినగలుగుతున్నామంటే ఆనంద్ పట్వర్ధన్ అంతకుముందే ఆయనను చిత్రీకరించి ఉండటం వల్ల, ఆ తర్వాత పద్నాలుగేళ్లు కెమెరా పట్టుకుని ‘జై భీమ్ కామ్రేడ్’ తీయడం వల్ల. ఒక వ్యక్తి పట్టుదల అది. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనిని వ్యక్తులు సొంత డబ్బుతో చేయడం అక్కడే కాదు, ఇక్కడా చూస్తున్నాం. జానపద, గిరిజన వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించిన జయధీర్ తిరుమలరావు శ్రమ అలాంటిదే.

మన దగ్గర మరో చిక్కు ఉంది. ఈ పాటను దాచుకోవడం చాలాకాలం ప్రమాదకరమైన పని. 1980ల రెండో భాగంలో జన నాట్యమండలి ప్రదర్శనలను ప్రభుత్వం సాగనివ్వలేదు. గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ జనం ముందుకు వచ్చేదాకా ఆ గొంతు క్యాసెట్లలోనే తిరిగింది. ఇంట్లో ఆ క్యాసెట్టు ఉండటమే అనుమానానికి చాలిన రోజులవి. భయపడి పొయ్యిలో వేసినవారున్నారు, పైన వేరే పాటలు నింపుకొన్నవారున్నారు, గరిసెలో వడ్ల అడుగున దాచినవారున్నారు. ఆ ప్రదర్శనల గురించి తేదీలు, ఊళ్లు, పాల్గొన్నవారి పేర్లతో సహా అతి శ్రద్ధగా రాసిపెట్టిన గ్రంథకర్త ఎవరైనా ఉంటే అది బహుశా పోలీసు నిఘా విభాగమే అయి ఉంటుంది. పరిహాసానికి అనడం లేదు. బ్రిటిష్ ప్రభుత్వపు నిషేధ పత్రాల నుంచి జాతీయోద్యమ సాహిత్యాన్ని తిరిగి నిర్మించుకున్న దేశం మనది. గద్దర్ పేరుతో పురస్కారాలిస్తున్న ప్రభుత్వం ఆ దస్త్రాలను పరిశోధకులకు ఎందుకు తెరవకూడదు?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. గద్దర్ సాయుధ రాజకీయాలను పాడాడు, అలాంటివాడి పాటను ప్రజాధనంతో దాస్తారా అన్నది ఒకటి. ఆయనకు పద్మ పురస్కారం ఇవ్వాలా వద్దా అన్న రగడలో ఈ మాట గట్టిగానే వినిపించింది. పురస్కారం వేరు, భాండాగారం వేరు. పురస్కారంలో మెప్పు ఉంటుంది, భాండాగారంలో ఉండనక్కర లేదు. ఆయన రాజకీయాలను విమర్శించేవారికి కూడా ఆధారాలు కావాలి కదా. మరో అభ్యంతరం ఎడమ వైపు నుంచి వస్తుంది. చివరి ఏళ్లలో ఆయన ఎన్నికల రాజకీయాల వైపు నడిచాడు, రాజ్యాంగ గ్రంథం చేతపట్టుకున్నాడు, నాయకులను ఆలింగనం చేసుకున్నాడు, కాబట్టి ఆయన పాటను ముందు, తర్వాత అని రెండుగా చీల్చి చూడాలంటారు. నా మట్టుకు నాకు, ఎర్రజెండా కర్ర పట్టిన చెయ్యే అంబేడ్కర్ రాసిన పుస్తకం పట్టడంలో పతనం కనిపించదు. కొన్ని ఎంపికలు నాకూ నచ్చలేదు. అయినా అవన్నీ ఒకే మనిషి ఒంట్లో జరిగిన వాదన. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటికే వచ్చి దుండగులు పేల్చిన తూటాల్లో ఒకటి చివరిదాకా ఆ ఒంట్లోనే ఉండిపోయింది. దాన్ని మోస్తూనే పాతికేళ్లకు పైగా ఆడాడు, పాడాడు. 2023 ఆగస్టులో అల్వాల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో, బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. మాట మార్చుకున్న మనిషి అని తేలిగ్గా కొట్టిపారేయదగిన జీవితం కాదది.

మూడో అభ్యంతరమే బలమైనది. మౌఖిక కళను రికార్డు చేస్తే గడ్డకట్టిపోతుంది, ఒక ప్రదర్శన ప్రామాణికమైపోయి మిగతావి చచ్చిపోతాయి అని. ఇందులో నిజముంది. అందుకే ఒక పాటకు ఒక్క రికార్డింగు సరిపోదు. అదే పాట 1990లో ఎలా పాడారు, తెలంగాణ ఉద్యమ కాలంలో ఎలా పాడారు, చివరి రోజుల్లో గొంతు అలసిపోయాక ఎలా పాడారు అన్నవన్నీ పక్కపక్కన ఉండాలి. మార్పే ఆ కళ ప్రాణమని అప్పుడు కళ్లకు కడుతుంది. గడ్డకట్టించేది అసలు అచ్చు పుస్తకమే, మనం ఇప్పటిదాకా చేసింది అదే.

పురస్కారాలతో కడుపు నిండదని కూడా మనం ఈమధ్యనే చూశాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటేసరికి ఆయన భవన నిర్మాణ కూలి పనిలో ఉన్నట్లు పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. అదే ఏడు పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. ఆయన నోట ఉన్న మేడారం సమ్మక్క, సారలమ్మల గాథ ఎంతవరకు నమోదైంది? పతకం మెడలో వేసి ఫోటో తీయడానికి ఒక రోజు చాలు. ఆయన తెలిసిన కథ మొత్తం కూర్చుని వినడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

పెద్ద ఖర్చు కూడా కాదు. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. కొత్త భవనం కట్టనక్కర లేదు, దానికే ఒక ప్రదర్శనా భాండాగారం బాధ్యత, నిధులు, నలుగురు శాశ్వత ఉద్యోగులను ఇవ్వవచ్చు. ఆ నలుగురిలో ఇద్దరైనా డప్పు దెబ్బల తేడా వినగానే చెప్పగలిగిన కుటుంబాల నుంచి రావాలి. డిగ్రీ నిబంధన అడ్డొస్తే నిబంధన మార్చాలి. ఇళ్లలో ఉన్న క్యాసెట్లు తెచ్చిస్తే నకలు తీసుకుని అసలు తిరిగి ఇస్తామని, ఎవరినీ ఏమీ అడగబోమని ప్రభుత్వం ప్రకటించాలి. ఆ రెండో మాట మొదటిదానికన్నా ముఖ్యం. పాత భయం ఇంకా పోలేదు. పాట, ప్రదర్శన పాఠ్యాంశంగా పెట్టినప్పుడు పరీక్ష కాగితం మీదే ఉండనక్కర లేదు. డప్పు వాయించి చూపిన విద్యార్థికి మార్కులు వేయడం నేర్చుకోవడం అధ్యాపకులమైన మా వంతు.

కాలం ఎక్కువ లేదు. గూడ అంజయ్య 2016లో వెళ్లిపోయారు. ఉత్తరాంధ్ర యాసను, జముకును, భాగోతాన్ని విప్లవ వేదిక ఎక్కించిన వంగపండు ప్రసాదరావు 2020లో వెళ్లారు. 2023లో నెలన్నర తేడాతో యువ గాయకుడు సాయిచంద్, ఆ తర్వాత గద్దర్ వెళ్లారు. బడి ముఖం చూడకుండానే రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ 2025 నవంబరులో వెళ్లారు. వీరి పేర్లయినా మనకు తెలుసు. 1972 ప్రాంతంలో మొదలైన జన నాట్యమండలి తొలి వేదికల మీద డప్పు కాపినవారు, వంత పాడినవారు, రాత్రికి రాత్రి ఊరు దాటించినవారు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. ఏ వాడలో, ఏ మంచం మీద ఉన్నారో ఆ ఊరి వాళ్లకు తెలుస్తుంది. రికార్డు చేసే యంత్రం మొదట వెళ్లవలసింది వారి దగ్గరికి. అడగవలసిన మొదటి ప్రశ్న వారి పేరు.